రక్తములోని పూర్వరూపములు

రోగమును ఎరుగుటకు ప్రాచీన భారతీయ వైద్యులు ఐదు మార్గములు చెప్పియున్నారు. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అనునవి ఆ ఐదు. నిదానమనగా రోగమునకు కారణము. రూపమనగా రోగము బయటపడిన పిమ్మట కానవచ్చు లక్షణము. ఈ రెండింటి నడుమ నున్నది పూర్వరూపము. రోగము ఇంకను రాలేదు. కాని వచ్చుచున్నదని దేహము ముందుగా చెప్పు మాట అది. వానకు ముందు మబ్బు కమ్మినట్లు రోగమునకు ముందు పూర్వరూపము కానవచ్చునని వారి భావము.

చరకసంహిత నిదానస్థానమున ప్రమేహ రోగములకు చెప్పబడిన పూర్వరూపములలో ఒకటి విచిత్రమైనది. అది రోగి దేహమునకును, మూత్రమునకును చీమలు చేరుట. నోరు తీపెక్కుట, దప్పిక, గొంతెండుట, చేతులలోను పాదములలోను తిమ్మిరి, మంట మొదలగు వానితోపాటు ఈ చీమల సంగతియు అందు కలదు. ప్రయోగశాలలు లేని కాలమున చక్కెరను కనిపెట్టుటకు చీమను మించిన పరీక్షకుడు వేరొకడు లేడు. ఐరోపాలో మధుమేహ రోగి మూత్రము తీయగా నుండునని ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1674లో వ్రాసెను. ఆ తీపికి కారణము చక్కెరయే అనియు, అది రోగి రక్తమున సైతము కలదనియు మాథ్యూ డాబ్సన్ 1776లో చూపెను.

అయితే చీమ ఆలస్యముగా వచ్చు సాక్షి. మూత్రపిండములు రక్తమును వడపోయునప్పుడు అందలి చక్కెరను వృథాగా పోనీయక తిరిగి రక్తములోనికే చేర్చును. 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటినప్పుడు మాత్రమే వాని శక్తి చాలక చక్కెర మూత్రములోనికి దిగును. అనగా చీమలు చేరునాటికి రోగము గడప దాటి ఇంటి నడిమికి వచ్చియున్నదన్నమాట. చరకుని నాటికి పూర్వరూపమైనది నేటి శాస్త్రదృష్టికి రూపమే అయినది. మరి నిజమైన పూర్వరూపము ఎచ్చట నున్నది? గడచిన అర్ధశతాబ్దికి పైగా పరిశోధకులు దానిని రక్తములోని మాంసకృత్తులలో వెదకుచున్నారు.

చక్కెర చెప్పునది ఎంత?

నేడు మధుమేహమును నిర్ణయించుటకు రక్తములోని చక్కెరయే ప్రమాణము. ఉదయము పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహమని వైద్యులు చెప్పుదురు. 100కు లోపున్నచో భయము లేదు. ఈ రెండింటి నడుమ నున్నవారు గట్టున నడచువారు. ఏ ప్రక్కకైనను జారవచ్చును.

రక్తమునకు ఎరుపు నిచ్చు హిమోగ్లోబిన్ కూడ ఒక మాంసకృత్తియే. రక్తములో చక్కెర హెచ్చిన కొలది అది హిమోగ్లోబిన్‌నకు అంటుకొనును. ఎర్ర కణము సుమారు 120 దినములు జీవించును గనుక, అంటుకొనిన చక్కెరను కొలిచినచో గడచిన రెండు మూడు మాసముల చరిత్ర తెలియును. మధుమేహ రోగులలో ఈ హిమోగ్లోబిన్ అధికముగా నుండుటను శామ్యూల్ రహబర్ అను శాస్త్రజ్ఞుడు టెహరాన్ నగరమున 1968లో గమనించెను. జనులు నేడు "మూడు నెలల పరీక్ష" అని వాడుకగా చెప్పుకొనునది ఇదియే. కాని ఇదియు జరిగినదానిని చెప్పునదే. జరుగబోవుదానిని చెప్పునది కాదు.

జరిగినదానికిని జరుగబోవుదానికిని గల భేదము చిన్నది కాదు. బ్రిటన్ దేశమున 1977లో ఆరంభమై ఇరువది సంవత్సరములు సాగిన మధుమేహ పరిశోధన యొకటి కలదు. మధుమేహమని నిర్ణయమైన దినముననే రోగి క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు శక్తి సుమారు సగము తరిగిపోయియున్నదని అందు తేలెను. సగము ఇల్లు కాలిన పిమ్మట వినవచ్చు గంట వంటిది చక్కెర పరీక్ష. మొదటి పొగ లేచినప్పుడే తెలిసికొను ఉపాయము కావలసియున్నది.

ఇన్సులిన్ నేర్పిన పాఠము

మాంసకృత్తులనగానే పప్పు, పాలు, గ్రుడ్డు స్ఫురించును. కాని ఆహారములోని మాంసకృత్తులు వేరు, రక్తమున ప్రవహించు మాంసకృత్తులు వేరు. జీర్ణమైన ఆహారము నుండి వచ్చిన అమినో ఆమ్లములనే పూసలను దేహము తనకు కావలసిన క్రమమున గ్రుచ్చుకొని వేలాది కొత్త హారములను చేసికొనును. వానిలో కొన్ని కాలేయము నుండి, కొన్ని కొవ్వు నుండి, కొన్ని క్లోమము నుండి, కొన్ని రోగనిరోధక కణముల నుండి రక్తములోనికి వచ్చును. ఒక అవయవము మరియొక అవయవమునకు వ్రాసిన ఉత్తరములు కొన్ని. యుద్ధమునకు బయలుదేరిన ఆయుధములు కొన్ని. రక్తము ఈ ఉత్తరములను మోయు టపా బండి. ఆ ఉత్తరములను చదువగలిగినచో ఏ అవయవమున ఏమి జరుగుచున్నదో బయటనుండియే తెలిసికొనవచ్చును.

ఇట్లు చదువబడిన ఉత్తరములలో మొదటిదిగా చెప్పదగినది ఇన్సులిన్. కుక్క దేహము నుండి క్లోమమును తొలగించినచో దానికి మధుమేహము వచ్చునని 1889లో జర్మను శాస్త్రజ్ఞులు మింకౌస్కీ, ఫాన్ మేరింగ్ కనుగొనిరి. క్లోమములో పుట్టు ఆ ప్రాణాధార పదార్థమును 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు వేరుచేసిరి. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి దానిని సూదిమందుగా ఇచ్చి మృత్యుముఖము నుండి తప్పించిరి. ఆ ఇన్సులిన్ 51 అమినో ఆమ్లముల కూర్పని, ఏది ఏ స్థానమున నున్నదో సహా వివరించినందులకు ఫ్రెడరిక్ సాంగర్‌నకు 1958లో నోబెల్ బహుమానము లభించెను.

ఇన్సులిన్ ఏమో తెలిసినది; కాని రక్తములో అది ఎంత యున్నదో కొలుచుట దుర్లభముగా నుండెను. ఏలయన అది అత్యల్ప పరిమాణమున నుండును. న్యూయార్కు నగరమున రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విడదీసిరి. ఇన్సులిన్‌ను గుర్తించి పట్టుకొను ప్రతిరక్షకములను, రేడియో ధార్మికత గల అయొడిన్‌ను జతచేసి, రక్తములోని ఇన్సులిన్‌ను కొలుచు విధానమును 1960 నాటికి వారు సిద్ధపరచిరి. ఈ కృషికి యాలోకు 1977లో నోబెల్ బహుమానము వచ్చెను. బెర్సన్ అంతకు ముందే 1972లో మరణించెను.

ఈ కొలత ఒక పెద్ద భ్రమను తొలగించెను. మధుమేహమనగా ఇన్సులిన్ లేకపోవుటయే అని అంతవరకు పలువురు తలచుచుండిరి. నడివయస్సున మధుమేహము వచ్చిన వారి రక్తమున ఇన్సులిన్ ఉన్నదనియు, పలువురిలో ఆరోగ్యవంతుల కంటె అధికముగానే ఉన్నదనియు తేలెను. పిలుపునకు పలుకని ఇంటి తలుపును పదే పదే తట్టినట్లు, ఇన్సులిన్ మాటను దేహకణములు వినకపోవుటచేత క్లోమము మరింత ఇన్సులిన్‌ను పంపుచున్నది. తల్లికిని తండ్రికిని ఇద్దరికిని మధుమేహమున్న సంతతిని అమెరికాలోని బోస్టన్ నగర పరిశోధకులు సగటున 13 సంవత్సరములు గమనించిరి. వారిలో తరువాత రోగులైనవారి రక్తమున ఇన్సులిన్ చాల సంవత్సరములకు ముందే హెచ్చియున్నదని 1990లో ప్రకటించిరి. చక్కెర ఇంకను మాట్లాడకముందే ఒక మాంసకృత్తి మాట్లాడినది.

ఆత్మీయుని శత్రువని భ్రమించుట

మధుమేహము ఒకటి కాదు. ముఖ్యముగా రెండు విధములు. వానిలో మొదటి విధము ఎక్కువగా పిల్లలలోను, యౌవనులలోను కనిపించును. దేహమును రక్షింపవలసిన రోగనిరోధక కణములు క్లోమములోని లాంగర్‌హాన్స్ పుటికలయందున్న బీటా కణములను పరాయివిగా భ్రమించి నాశనము చేయుట దీనికి మూలము. బీటా కణములే ఇన్సులిన్‌ను తయారుచేయునవి గనుక, అవి నశించిన బిడ్డకు జీవితాంతము సూదిమందు తప్పదు.

ఈ వినాశనము ఒక్క దినమున జరుగునది కాదు. మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు, చప్పుడు లేకుండ సాగును. బిడ్డ ఆడుచు పాడుచు నుండును. చక్కెర సరిగానే యుండును. కాని రక్తములో ఒక జాడ కనిపించును. 1974లో లండను నగరమున పనిచేయుచుండిన ఇటలీ దేశస్థుడు జాన్ ఫ్రాంకో బొట్టాజ్జో, తన సహచరులతో కలిసి, క్లోమ పుటికలను గురిచేసికొను ప్రతిరక్షకములను రోగుల రక్తమున కనిపెట్టెను. ప్రతిరక్షకములును మాంసకృత్తులే. అటుపిమ్మట ఏ ప్రతిరక్షకము ఏ లక్ష్యమును పట్టుకొనునో విడివిడిగా తెలిసెను. నేడు ముఖ్యముగా నాలుగింటిని పరీక్షింతురు. వానిలో ఒకటి ఇన్సులిన్‌కే వ్యతిరేకమైనది. తక్కినవి బీటా కణములయందున్న జీఏడీ, ఐఏ-2, జింక్ వాహకము అను మాంసకృత్తులకు వ్యతిరేకమైనవి.

ఈ జాడల విలువ ఎంత? ఫిన్‌లాండు, జర్మనీ, అమెరికాలోని కొలరాడో ప్రాంతములలో పుట్టినది మొదలు గమనింపబడిన 13,377 మంది పిల్లల చరిత్ర 2013లో వెలువడెను. రెండు గాని అంతకు మించి గాని ప్రతిరక్షకములు కనిపించిన పిల్లలలో నూటికి సుమారు 70 మంది పది సంవత్సరములలో మధుమేహ రోగులైరి. ఒక్కటి మాత్రమే కనిపించినవారిలో అట్లయినవారు నూటికి ఇంచుమించు 15 మంది మాత్రమే. ఒక సాక్షి పొరబడవచ్చును. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్పినప్పుడు న్యాయస్థానము తల ఊపును. ఇక్కడను అంతియే.

అయితే ఈ ప్రతిరక్షకములు సాక్షులే గాని ముఖ్యమైన హంతకులు కావు. బీటా కణములను చంపు పనిలో ముందుండునవి టీ కణములను రోగనిరోధక కణములు. ఆ కణముల ఉద్ధృతిని తగ్గించు టెప్లిజుమాబ్ అను మందును, రోగుల దగ్గరి బంధువులై, రెండు మూడు ప్రతిరక్షకములు కలిగి, చక్కెర అప్పుడప్పుడే అదుపు తప్పుచున్న 76 మందిపై ప్రయోగించిరి. వారిలో 44 మందికి మందును, 32 మందికి ఉత్తుత్తి మందును ఇచ్చిరి. మందు పొందిన వారిలో రోగము బయటపడుట సుమారు రెండు సంవత్సరములు వెనుకకు జరిగినదని 2019లో తేలెను. 2022 నవంబరులో అమెరికా ప్రభుత్వము 8 ఏండ్లు దాటినవారికి దీనిని అనుమతించెను. చిత్రమేమనగా ఈ మందు కూడ ఒక ప్రతిరక్షకమే. రెండు సంవత్సరములేనా అని పెద్దలు పెదవి విరువవచ్చును. దినమునకు పలుమారులు సూది పొడిపించుకొనవలసిన పసివానికి, వాని తల్లికి, ఆ రెండు సంవత్సరముల విలువ వేరు.

తెలిసికొనుట వరమా, భారమా?

ఇక్కడ ఒక ధర్మసందేహము కలుగును. ఆరోగ్యముగా ఆడుకొనుచున్న బిడ్డకు రోగము రానున్నదని ముందుగా తెలిసికొని తల్లిదండ్రులు చేయవలసినదేమి? తెలియక నిద్రపోవుట మేలా, తెలిసి మేలుకొనుట మేలా?

జర్మనీలోని బవేరియా రాష్ట్రమున 2015 నుండి జరిగిన ప్రయత్నము దీనికి కొంత సమాధానము చెప్పుచున్నది. అచ్చటి శిశువైద్యులు మామూలుగా చేయు ఆరోగ్య పరీక్షలతోపాటు రెండు నుండి ఐదు ఏండ్ల పిల్లల రక్తమున ఈ ప్రతిరక్షకములను చూచిరి. 2019 మే నాటికి 90,632 మంది పిల్లలు పరీక్షింపబడిరి. 280 మందిలో రోగము యొక్క గుప్తదశ కనిపించెను. అనగా వేయిమందికి ముగ్గురు. ఆ 280 మంది కుటుంబములకు రోగమును గూర్చి బోధించి, లక్షణములను చెప్పి, కనిపెట్టియుండిరి. వారిలో 62 మందికి రోగము బయటపడెను. రోగము తెలియక ముదిరినప్పుడు రక్తమున ఆమ్లములు పేరుకొని ప్రాణమునకే ముప్పు తెచ్చు కీటోఎసిడోసిస్ అను దుస్థితి కలుగును. ఆ 62 మందిలో ఇద్దరికి మాత్రమే అది వచ్చినది. ముందుగా పరీక్షింపబడని పిల్లలలో ఆ దేశమున అది నూటికి ఇరువది మందికి పైగా కనిపించు దుస్థితి.

తల్లిదండ్రుల మనఃక్లేశమును గూడ అచ్చటివారు కొలిచిరి. ఫలితము తెలిసిన తొలినాళ్లలో వారి వేదన మిక్కుటముగానే యుండెను. ఒక సంవత్సరము గడచునప్పటికి తగ్గెను. కావున జ్ఞానము భారము కాకపోదు. కాని ఆ భారమును పంచుకొను వైద్యుడు, చేయదగిన పని ఉన్నప్పుడు అది మోయదగిన భారమగును. అవి రెండును లేనిచోట కేవలము ఫలితపు కాగితమును చేతిలో పెట్టి పంపుట క్రూరత్వమగును.

కొవ్వు, కాలేయము చెప్పు మాటలు

భారతదేశమున అత్యధికముగా నున్నది రెండవ విధమైన మధుమేహము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమంతట జరిపిన పరిశీలనల ఫలితములను భారత వైద్య పరిశోధన మండలి పక్షమున 2023లో ప్రకటించిరి. దాని ప్రకారము 2021 నాటికి దేశమున మధుమేహ రోగులు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. గట్టున నడచువారు సుమారు 13 కోట్ల 60 లక్షల మంది. ఇందరిలో ఎవరు జారుదురో, ఎవరు నిలుతురో ముందుగా తెలియుట ఎంత అవసరమో ఈ లెక్కలే చెప్పుచున్నవి.

ఈ రెండవ విధమునకు ఒకే గుర్తు లేదు. పలు అవయవముల నుండి వచ్చు పలు సూచనలు కలవు. మొదటిది అడిపోనెక్టిన్. దీనిని 1995లో అమెరికాలో కనుగొనిరి. ఇది కొవ్వు కణముల నుండి రక్తములోనికి వచ్చి, ఇన్సులిన్ మాటను ఇతర కణములు వినునట్లు చేయును. ఆశ్చర్యమేమనగా కొవ్వు పెరిగినకొలది ఇది తరుగును. ఇంట జనము పెరిగినకొలది పనిచేయు చేతులు తగ్గినట్లు. చెన్నపట్టణమున జరిగిన పరిశోధనలో, తరువాతి కాలమున మధుమేహము వచ్చినవారి రక్తమున రోగమునకు ముందే అడిపోనెక్టిన్ తక్కువగా నుండెనని 2003లో వెల్లడియైనది. స్థూలకాయము లేకున్నను నడుము చుట్టు కొవ్వు చేరు స్వభావము గల భారతీయులలో ఈ సంగతికి విశేష ప్రాధాన్యము కలదు.

రెండవది సి-రియాక్టివ్ ప్రోటీను. 1930లో న్యుమోనియా రోగుల రక్తమున దీనిని గుర్తించిరి. దేహమున ఎచ్చటనైన వాపు గాని, తాపము గాని కలిగినప్పుడు కాలేయము దీనిని విడుదల చేయును. జ్వరము లేకున్నను కొందరిలో ఇది కొద్దిగా హెచ్చి నిలిచియుండును. అధికమైన కొవ్వు దేహములో నివురుగప్పిన నిప్పువలె రగుల్చు తాపమునకు అది గుర్తు. అమెరికా స్త్రీలలో జరిగిన పరిశోధన 2001లో వెలువడినది. ఇది ఎక్కువగా నున్న స్త్రీలకు, తక్కువగా నున్న వారికంటె, ఇతర కారణములను లెక్కలోనికి తీసికొన్న పిమ్మట సైతము, మధుమేహము వచ్చు అవకాశము సుమారు నాలుగు రెట్లుగా కనిపించెను.

మూడవది ఫాలిస్టాటిన్. ఇదియు ముఖ్యముగా కాలేయము నుండి వచ్చునదే. స్వీడన్ దేశమున మాల్మో నగరవాసుల రక్తమును 1990ల నాటినుండి భద్రపరచియుంచిరి. లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ రక్తమును పరిశీలించి, ఫాలిస్టాటిన్ అధికముగా నున్నవారికి మధుమేహము వచ్చు అవకాశము హెచ్చనియు, ఈ సూచన రోగమునకు 19 సంవత్సరముల ముందునుండియే కానవచ్చుననియు 2021లో ప్రకటించిరి. ఇది కొవ్వు నిలువలను కరగించి రక్తములోనికి వదలుటకు తోడ్పడునని, ఆ కొవ్వు కాలేయమునను క్లోమమునను చేరి కీడు చేయునని వారి అభిప్రాయము.

యాలో, బెర్సన్‌లు ఒక్క మాంసకృత్తిని కొలుచుటకు పడిన శ్రమ నేడు వేలకు వేలు కొలుచు విద్యగా పరిణమించినది. ఒక్కొక్క మాంసకృత్తిని పట్టుకొనుటకు రెండేసి ప్రతిరక్షకములను పంపుదురు. వానికి డీఎన్ఏ తునకలు కట్టియుండును. రెండును ఒకే మాంసకృత్తిపై కూడుకొన్నప్పుడు ఆ తునకలు కలియును. కలిసినవానిని లెక్కించినచో మాంసకృత్తి పరిమాణము తెలియును. బ్రిటన్‌లో ఐదు లక్షల మంది స్వచ్ఛందముగా ఇచ్చిన రక్తము భాండాగారమున భద్రపరుపబడియున్నది. వారిలో 54,000 మందికి పైగా జనుల రక్తమున ఇంచుమించు 3,000 మాంసకృత్తులను ఈ విధముగా కొలిచి, ఫలితములను 2023లో లోకమునకు అందించిరి.

తుపాను సూచిక

ఇంత చెప్పిన తరువాత రెండు హెచ్చరికలు చేయుట న్యాయము.

మొదటిది: గుర్తు వేరు, కారణము వేరు. సముద్రమున వాయుగుండము పుట్టినప్పుడు కాకినాడలోను, మచిలీపట్నములోను రేవు అధికారులు ప్రమాద సూచిక ఎగురవేయుదురు. సూచికను దించివేసినంత మాత్రమున తుపాను ఆగదు. సి-రియాక్టివ్ ప్రోటీను ఇట్టి సూచికయే. జన్మతః జన్యువుల వలన ఇది హెచ్చుగా నున్నవారిని పరిశీలింపగా, అంతమాత్రముచేత వారికి మధుమేహము ఎక్కువగా రాలేదని తెలిసినది. కావున దానిని తగ్గించుట గాక, అది దేనిని సూచించుచున్నదో దానిని చక్కదిద్దుట ముఖ్యము.

రెండవది: క్రొత్త పరీక్ష పాతదానికంటె ఎక్కువ చెప్పవలయును. 2005లో చెన్నపట్టణ వైద్యులు భారతీయులకై ఒక సులభమైన గణనమును కూర్చిరి. వయస్సెంత, నడుము కొలత ఎంత, దేహశ్రమ కలదా, తల్లిదండ్రులకు మధుమేహము కలదా అను నాలుగు ప్రశ్నలే అందు కలవు. దానికి కావలసినవి ఒక కొలత టేపు, ఒక కాగితము మాత్రమే. వేలకొలది మాంసకృత్తులను కొలుచు యంత్రము ఈ నాలుగు ప్రశ్నలును, పరగడుపు చక్కెరయు చెప్పలేనిదానిని చెప్పినప్పుడే దాని వ్యయము సార్థకమగును. రెండవ విధమైన మధుమేహ విషయమున ఈ మాంసకృత్తులు నేటికిని ప్రధానముగా పరిశోధకుల పనిముట్లే గాని, ఊరి వైద్యశాలలో ప్రతివానికి చేయు పరీక్షలు కావు.

హెచ్చరిక విన్న పిమ్మట చేయదగినది మాత్రము చాలవరకు తేటపడినది. గట్టున నడచుచున్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన ప్రయోగము 2002లో వెలువడినది. వారమునకు 150 నిమిషముల నడక వంటి శ్రమ చేసి, మితాహారముతో బరువులో నూటికి ఏడు వంతులు తగ్గించుకొనవలయునని నియమము పెట్టుకొనినవారిలో మధుమేహము వచ్చుట నూటికి 58 వంతులు తగ్గెను. భారతదేశమున 531 మందిపై జరిగి 2006లో ప్రకటింపబడిన ప్రయోగమున ఇట్టి జీవనవిధానము వలననే నూటికి సుమారు 28 వంతులు తగ్గెను. నడకకు పేటెంటు లేదు. మితాహారమునకు వెల లేదు. రక్తపు చుక్క చెప్పు భవిష్యత్తు విధివ్రాత కాదు, దిద్దుకొనదగిన చిత్తుప్రతి.

బడిలోని కన్ను

ఈ కథలో ఉపాధ్యాయునకును ఒక స్థానము కలదు. ఇటలీ దేశమున పార్మా అను పట్టణము కలదు. 1991లో అచ్చటి వైద్యులు ఆ ప్రాంతపు పాఠశాలలలో ఒక గోడపత్రమును అంటింపజేసిరి. అధికమైన దప్పిక, మాటిమాటికి మూత్రవిసర్జన, ఎన్నడో మానిన బిడ్డ తిరిగి రాత్రులందు పక్క తడుపుట వంటి గుర్తులు కనిపించినచో వెంటనే వైద్యునికి చూపుడని దాని సారాంశము. ఉపాధ్యాయులకును, శిశువైద్యులకును ఈ సంగతులు బోధించిరి. అంతకు పూర్వము ఆ ప్రాంతమున క్రొత్తగా మధుమేహము బయటపడిన పిల్లలలో నూటికి 78 మంది కీటోఎసిడోసిస్ దశలో ఆసుపత్రికి చేరుచుండిరి. తరువాతి సంవత్సరములలో ఆ సంఖ్య 12 లేక 13కు దిగెను. క్రొత్త మందు లేదు, క్రొత్త యంత్రము లేదు. పెద్దల కన్ను మాత్రము పసివానిపై నిలిచినది.

ఆ ఇటలీ దేశమే 2023 సెప్టెంబరులో పిల్లలందరికి మధుమేహ ప్రతిరక్షకములను పరీక్షించుటకు శాసనము చేసినది. దేశవ్యాప్తముగా ఇట్టి శాసనము చేసిన మొదటి దేశము అదియే. బొట్టాజ్జో ప్రయోగశాలలో కనిపెట్టిన జాడయు, పార్మా బడిగోడపై అంటించిన కాగితమును ఒకే త్రోవలోని రెండు మజిలీలు. ఒకటి సంవత్సరములకు ముందు చెప్పునది. రెండవది దినములకు ముందు చెప్పునది. మొదటిది అందని ఊళ్లలో రెండవదే దిక్కు.

తెలుగునాట వేలాది బడులలో ప్రతిరక్షకముల పరీక్ష నేటికి అందుబాటులో లేదు. కాని తరగతి నడుమ మాటిమాటికి బయటకు పోవుటకు అనుమతి కోరు బాలుడు, కుండ వద్దకు పదే పదే పోవు బాలిక, కొన్ని వారములలోనే చొక్కా వదులై బడలికతో బల్లపై తల వాల్చు విద్యార్థి, ఉపాధ్యాయుని కన్నుల యెదుటనే యుందురు. వారిని అల్లరివారని, సోమరులని గద్దించుటకు ముందు ఒక్క క్షణము ఆగి, ఇంటివారికి కబురంపి, ఆనాడే రక్తములో చక్కెర చూపింపుడని చెప్పుట వలన ఒక ప్రాణము నిలువవచ్చును.

పూర్వరూపమును చూచినవాడు ఊరకుండరాదనియే చరకుడు దానిని వేరుగా లెక్కించెను. నాడు చీమ చెప్పినది, నేడు మాంసకృత్తి చెప్పుచున్నది. వినువారు మనుష్యులే.